పక్కవాద్యాల గది

ఆదివారం, రాత్రి

మధ్యాహ్నం గ్యాలరీకి వెళ్లాను. కచేరీ వేదికల మీద, నాటక రంగం మీద కనిపించే కళాకారుల రూపచిత్రాల ప్రదర్శన. గంటలో చూసి బయటపడదామనుకున్నదాన్ని తలుపులు మూసే వేళ దాకా ఉండిపోయాను. నిద్రపోయేలోగా రాసిపెట్టుకోవాలి.

మొదటి గది పేరున్నవాళ్లది. గాలిలోకి లేచిన నర్తకి, పై షడ్జం అందుకున్న గాయకుడు, కిరీటం కింద కళ్లెర్రజేసిన నటుడు. వెలుగు బాగుంది, ముద్రణ బాగుంది. అయినా నా కాళ్లు ఎక్కడా నిలవలేదు. అవన్నీ మనకు చూపించడానికి సిద్ధం చేసుకున్న ముఖాలు. 1950లలో ఫిలిప్ హాల్స్‌మన్ అనే ఫోటోగ్రాఫర్ తన దగ్గరికి వచ్చిన ప్రముఖులను కెమెరా ముందు గెంతమనేవాడు. గెంతేటప్పుడు ధ్యాసంతా గెంతు మీదే ఉంటుంది కనుక ముసుగు జారి అసలు మనిషి బయటపడతాడని ఆయన నమ్మకం. రాజకీయ నాయకుల విషయంలో అది నిజమే కావచ్చు. నర్తకి దగ్గర మాత్రం ఆ ఉపాయం పారదు. నేల విడిచిన క్షణంలో కూడా ముఖం ఎలా ఉంచాలో ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి ఆమె.

రెండో గదిలో అడుగుపెట్టగానే తేడా తెలిసింది. అక్కడ అందరూ పక్కవాళ్లే. మృదంగం, వయొలిన్, ఘటం వాయించేవాళ్లు, తంబురా వేసేవాళ్లు, నాటకానికి హార్మోనియం వాయించే పెద్దాయన, తెర వెనుక నుంచి మాట అందించే ప్రాంప్టర్, నటులకు రంగు పూసే ఆవిడ. కచేరీ ఫోటో అచ్చయ్యేటప్పుడు అంచున ఉండి కత్తెరకు బలయ్యేది వీళ్లే. ఒక మోచెయ్యో, సగం వాద్యమో మిగులుతుంది. ఇక్కడ ఒక్కొక్కరికీ నిలువెత్తు చట్రం, దాని కింద సొంత పేరు.

మృదంగ విద్వాంసుడి చిత్రం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆయన వాయించడం లేదు. కుడిచెయ్యి మూతకు కాస్త పైన ఆగి ఉంది. చూపు చట్రం బయట ఉన్న గాయకుడి మీద ఉంది. పాట ఎక్కడ వాలుతుందో ఇంకా తెలియదు, వాలిన చోట తను ఉండాలి. ఆ ముఖంలో తనను ఎవరైనా చూస్తున్నారన్న ఎరుకే లేదు. మనిషి పూర్తిగా చెవిగా మారిన సమయం అది. మొదటి గదిలో నాకు దొరకనిది ఇదేనని అప్పుడు అర్థమైంది. ప్రదర్శించే ముఖానికి తన మీద తనకు గమనిక ఉంటుంది. వినే ముఖానికి ఆ తీరిక ఉండదు. కళాకారుణ్ణి నిజంగా చూడాలంటే వింటున్నప్పుడు చూడాలి.

ఫోటోగ్రాఫర్ అక్కడే ఉన్నారు. ఇవి ఎలా తీయగలిగారని అడిగాను.

"ఎదురుగా కూర్చోమంటే కూర్చోరండీ. 'నాదెందుకమ్మా, ఆయనది తీసుకోండి' అంటారు. అందుకే కచేరీల్లోనే ఓ మూల కూర్చుని తీశాను. ఫ్లాష్ వాడలేదు. షట్టర్ చప్పుడైతే రాగం చెడుతుంది, అందుకని చప్పుడు లేని కెమెరా" అన్నారావిడ.

తక్కువ వెలుతురులో తీసిన చిత్రాలకు గరుకుదనం వస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో నునుపు చేయకుండా వదిలేయడం నాకు నచ్చింది. తంబురా వేస్తున్న అమ్మాయి చిత్రంలోనైతే షట్టర్ వేగం కావాలనే తగ్గించారు. ముఖం స్థిరంగా ఉంది, వేళ్లూ తీగలూ పొగమంచులా చెదిరాయి. దాని ముందు ఒక చిన్న పాప వాళ్లమ్మను అడుగుతోంది.

"అమ్మా, ఈ అక్క ఎందుకు పాడటం లేదు?"

"శ్రుతి వేస్తోంది తల్లీ. ఈ అక్క ఆపేస్తే పాడేవాళ్లకు ఆధారం పోతుంది."

పంచమం, రెండు షడ్జాలు, ఆపైన మంద్ర షడ్జం. నాలుగు తీగలు, అదే వరుస, మొదటి కీర్తన నుంచి మంగళం దాకా. గాయకుడు మంచినీళ్లు తాగినా, పాట ఆగి మృదంగం, ఘటం మాత్రమే మోగే తనియావర్తనం సాగినా ఆమెకు విరామం లేదు. ఆ ఓర్పు ఆమె మెడ నిలిపిన తీరులో కనిపించింది.

ప్రాంప్టర్‌ను వెనుక నుంచి తీశారు. చేతిలో రాతప్రతి, కొద్దిగా వంగిన భుజాలు, ఎదురుగా తెర అంచు నుంచి పడుతున్న వెలుగు. ముఖం లేకుండా రూపచిత్రమేమిటని పక్కన ఎవరో గొణిగారు. నాకు వెంటనే ఫోటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ గుర్తొచ్చాడు. 1954లో ఫ్రాన్స్‌లోని ప్రాడ్ దగ్గర ఒక పాత మఠంలో చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌ను ఆయన వీపు వైపు నుంచే తీశాడు. రాతిగోడ, పైన ఎక్కడో చిన్న కిటికీ, కింద ఒంటరిగా వాయిస్తున్న మనిషి. బోస్టన్ మ్యూజియంలో అది ప్రదర్శనలో ఉన్నప్పుడు ఒక వృద్ధుడు రోజూ వచ్చి దాని ముందే నిలబడేవాడట. ఎందుకని అడిగితే, సంగీతం వింటున్నాను, మాట్లాడకు అని కసిరాడని కార్ష్ స్వయంగా చెప్పుకున్నాడు. ఆ వృద్ధుణ్ణి నేను పూర్తిగా నమ్ముతాను. ఇవాళ ఆ వంగిన భుజాల నుంచి నాకు మాట వినిపించింది.

రెండు విషయాలు మాత్రం బాగాలేవు. దీపాలు చట్రాల అద్దాల్లో మెరిసి, కొన్నిచోట్ల చిత్రం కంటే నా నీడే ఎక్కువ కనిపించింది. ఇక మొదటి గదిలో ప్రతి చిత్రం కిందా బిరుదులూ పురస్కారాలూ పేరాల కొద్దీ రాశారు. ఆ కచేరీలో పక్కన వాయించినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. రెండో గదిని ఇంత ప్రేమతో కట్టిన మనిషి ఆ వాక్యం చేర్చలేరా? సందర్శకుల పుస్తకంలో ఇదే రాసి, ఫోటోగ్రాఫర్‌కు నోటితో కూడా చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. రేపే కొత్త చీటీలు అచ్చు వేయిస్తానన్నారు.

ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను. పెళ్లికి ముందూ తరవాతా ఎందరికో వయొలిన్ సహకారం అందించింది. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిటిలోనూ ఒక పక్కకే ఉంటుంది. సంగతంతా చెబితే, "వయొలిన్ ఆవిడ విల్లు ఎత్తి ఉందా, దించి ఉందా?" అని అడిగింది. దించి ఉందన్నాను. "అయితే గాయకుడు ఇంకా ముగించలేదన్నమాట" అంది. గురువారం సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.