ఈనిన తర్వాత ఆ 2 నెలలు

మా ఆవు ఈని 2 నెలలైనా ఎదకు రాలేదని చాలా టెన్షన్ పడ్డాను. డాక్టరుగారు చెప్పాకే అర్థమైంది. ఈనిన కొత్తలో మేత ద్వారా వచ్చే శక్తి కంటే పాలకు పోయేదే ఎక్కువ. ఒంట్లో కొవ్వు కరుగుతుంది, మెదడు కింది గ్రంథి నుంచి అండాశయానికి అందాల్సిన, అండం విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ తగ్గిపోతుంది. అందుకే ఎద ఆలస్యమవుతుంది. పైగా మొదటి ఎద చాలాసార్లు మూగెదే, బయటికి ఏ గుర్తూ కనిపించదు. గర్భసంచి మామూలు స్థితికి రావడానికే దాదాపు 40 రోజులు పడుతుందట. పాపం, అదంతా మోస్తున్న దాని మీద నేను విసుక్కున్నాను!

దాణా సరిచేశాం. నిన్న తెల్లవారుజామున అరుపు విని పరిగెత్తాను. తీగలు వేస్తోంది, అంటే ఎదకు గుర్తుగా జిగురు స్రావం కారుతోంది! సాయంత్రానికి కృత్రిమ గర్భధారణ చేయించాం. 21వ రోజున మళ్లీ ఎదకు రాకూడదని, అంటే చూడి కట్టాలని కోరుకుంటున్నాను.