బాబాయి తెచ్చిన మెగా డ్రైవ్‌కి కొత్త టీవీలో పాత బొమ్మ

1995 వేసవిలో బాబాయి కువైట్ నుంచి రాజోలు వస్తూ సెగా మెగా డ్రైవ్ 2 అనే వీడియో గేమ్ కన్సోల్ తెచ్చాడు. దాంతోపాటు ఒకే ఒక్క ఆట కార్ట్రిడ్జ్, సోనిక్. ఆ సెలవులంతా నేనూ తమ్ముడూ 21 అంగుళాల టీవీ ముందే గడిపాం. కరెంటు పోతే తప్ప లేచేవాళ్లం కాదు. ఇన్నేళ్ల తరువాత అటక మీద నుంచి దాన్ని దించి హైదరాబాద్ తెచ్చుకుని ఎడాప్టర్ పెడితే ఎర్ర లైటు వెలిగింది. ఎంత సంతోషమేసిందో!

ఆ సంతోషం ఎల్‌ఈడీ టీవీకి పసుపు వైరు గుచ్చేదాకానే. ఎరుపు రంగు పక్కకు కారిపోయినట్టుంది. సోనిక్ పరిగెడితే అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి. అన్నిటికంటే బాధపెట్టింది ఆలస్యం. బటన్ నొక్కాక సోనిక్ ఎగరడానికి కాస్త సమయం తీసుకుంటున్నాడు. చిన్నప్పుడు కళ్లు మూసుకుని దాటిన ముళ్ల మీద మూడుసార్లు పడ్డాను.

కారణం వెతికితే తెలిసింది ఇది. పాత టీవీ ప్రసారంలో బొమ్మ రెండు విడతలుగా వచ్చేది, ముందు బేసి గీతలు, ఆ తరువాత వాటి మధ్యలో సరి గీతలు. మెగా డ్రైవ్ లాంటి కన్సోళ్లు అలా చేయవు. ప్రతిసారీ అవే గీతల మీద పూర్తి బొమ్మను మళ్లీ గీస్తాయి. దీన్ని 240పి అంటారు, మన టీవీలు వాడిన, సెకనుకు 50 విడతలు గీసే పాల్ పద్ధతిలో అయితే 288పి. పిక్చర్ ట్యూబు ఏది పంపితే అది గీసేస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కొత్త టీవీ మాత్రం దీన్నీ రెండు విడతల బొమ్మే అనుకుని, వేర్వేరు ఫ్రేములను ఒకదానితో ఒకటి కలిపి కుట్టేస్తుంది. దువ్వెన పళ్లూ, ఆలస్యంలో చాలా భాగమూ అక్కడే పుడతాయి. ఆన్‌లైన్‌లో దొరికే చౌక ఏవీ-టు-హెచ్‌డీఎంఐ డబ్బా ఒకటి కొని చూశాను. అదీ అదే పొరపాటు చేసి, పైగా బొమ్మను టీవీ వెడల్పంతా సాగదీసింది. సోనిక్ లావైపోయాడు.

ఈ పనికే, అంటే పాత బొమ్మను కొత్త టీవీకి తగ్గట్టు పెద్దది చేయడానికే, తయారైన స్కేలర్లు ఉన్నాయి. ఓఎస్‌ఎస్‌సీ అనేది ఒక్కో గీతను రెండు నుంచి అయిదు రెట్లు చేసి, దాదాపు ఆలస్యమే లేకుండా పంపేస్తుంది. రెట్రోటింక్‌వి చాలా మోడళ్లున్నాయి, 2023లో వచ్చిన 4కె మోడల్ ధర అప్పుడు 750 డాలర్లు. దాని మీద కస్టమ్స్ కూడా లెక్కేసుకుని ఆ ఆలోచన మానేశాను. నాకున్నది ఒక్క కన్సోల్, ఒక్క కార్ట్రిడ్జ్. అప్పుడు కంటపడింది జీబీఎస్-8200 అనే బోర్డు. పాత ఆర్కేడ్ మెషీన్లను వీజీఏ మానిటర్లకు కలపడానికి అమ్ముతారు, ఖరీదు చాలా తక్కువ. అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ బలహీనమైనది కానీ స్కేలర్ చిప్పు మాత్రం మంచిది. ఈఎస్‌పీ8266 వైఫై బోర్డు ఒకటి కలిపి, జీబీఎస్-కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఆ చిప్పు పూర్తిగా మన చేతిలోకి వస్తుంది.

ముందు తీరాల్సింది వైరు సమస్య. మెగా డ్రైవ్ లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లు విడివిడిగానే తయారవుతాయి. వెనకున్న 9 పిన్నుల సాకెట్‌లో అవి వస్తూనే ఉంటాయి. పసుపు వైరు కోసం వాటిని ఒక్కదాంట్లోకి కుక్కేస్తారు కాబట్టే రంగు కారుతుంది. యూరప్‌లో టీవీలకు స్కార్ట్ అనే 21 పిన్నుల సాకెట్ ఉండేది కాబట్టి వాళ్లు విడి రంగులతో చూడగలిగారు. మన టీవీలకు అది రాలేదు. మన దగ్గరున్న కన్సోల్ ఎంత మంచి బొమ్మ ఇవ్వగలదో మనకు తెలియకుండానే బాల్యం గడిచిపోయింది.

విదేశం నుంచి స్కార్ట్ వైరు తెప్పించాను. స్కార్ట్ తల కోసేసి నాలుగు వైర్లూ నేరుగా బోర్డుకు టంకం వేద్దామనుకున్నాను. కోసేముందు ఎందుకో స్క్రూ విప్పి చూశాను. లోపల మూడు రంగుల వైర్ల మీద మూడు 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. తల కోస్తే అవీ పోయేవి! ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లు కత్తెర పట్టేముందు తప్పకుండా లోపల చూడండి. కోయడం మానేసి, ఆ తలను అలాగే గుచ్చుకుందామని కోఠీ గుజరాతీ గల్లీలో స్కార్ట్ సాకెట్ అడిగితే, "ఆ పేరే వినలేదన్నా" అన్నారు. మిగతా సామానంతా అక్కడే దొరికింది. సాకెట్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను.

ఒక ఆదివారం టంకం పని. బోర్డులో ముందే ఉన్న కంట్రోలర్‌ని ఒక జంపర్ పెట్టి ఆపేయాలి. తరువాత వైఫై బోర్డుకి 5 వోల్టులు, గ్రౌండ్, రెండు డేటా వైర్లు ఇవ్వాలి. అయిదోది డీబగ్ వైరు, సన్నటి చోట అతికించాలి, అదొక్కటే చేయి వణికించింది. సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఫోన్‌లో వైఫై వెతికితే జీబీఎస్-కంట్రోల్ పేజీ తెరుచుకుంది. అవతలి వైపు వీజీఏ-టు-హెచ్‌డీఎంఐ కన్వర్టర్ పెట్టి టీవీకి కలిపాను. సిగ్నల్ లేదంది టీవీ.

మూడు సాయంత్రాలు అలాగే గడిచాయి. వైర్లన్నీ మల్టీమీటర్‌తో చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి తేలింది ఏమిటంటే, నేను కొన్న వైరులో సింక్ విడిగా రావడం లేదు, పసుపు వైరు సిగ్నల్‌నే సింక్‌గా పంపుతున్నారు. గీత ఎక్కడ మొదలవుతుందో, బొమ్మ ఎక్కడ మొదలవుతుందో చెప్పేది సింక్. అది మిగతా బొమ్మతో కలిసిపోయి వస్తే ఈ బోర్డు విడదీసుకోలేదు. విడదీయడానికి ఎల్‌ఎం1881 అనే ఎనిమిది కాళ్ల చిప్పు ఉంది. మళ్లీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఆ చిప్పు, రెండు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఒక 680 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అంతే. రాత్రి పదకొండు దాటాక తెర మీద నీలం రంగులో సెగా అక్షరాలు మెరిశాయి. ఇంట్లో అందరూ పడుకున్నారని అరవకుండా ఆపుకున్నాను.

బొమ్మ మీద ఏటవాలుగా సన్నటి అలలు కదిలేవి. 5 వోల్టుల ఎడాప్టర్ మారిస్తే పోయాయి.

ఆ తరువాతి తప్పు నాదే. సెట్టింగుల్లో 50 హెర్ట్జ్‌ని బలవంతంగా 60 చేసే ఆప్షన్ ఒకటి ఉంది. కొత్త టీవీకి 60 అయితే మంచిదనుకుని ఆన్ చేశాను. సోనిక్ పరిగెడుతుంటే వెనక కొండలు కుదుపులతో కదిలాయి. సెకనుకు 50 ఫ్రేములు వస్తుంటే 60 చూపించాలంటే పది ఫ్రేములు రెండోసారి చూపించాల్సిందే, ఆ పదే కుదుపులు. ఆ ఆప్షన్ తీసేసి, తెర వేగాన్ని కన్సోల్ వేగానికే కట్టేసే ఫ్రేమ్‌టైమ్ లాక్ ఆన్ చేశాను. మా టీవీ 50 హెర్ట్జ్‌ని ఇబ్బంది లేకుండా తీసుకుంది. కంప్యూటర్ మానిటర్ తీసుకోలేదు.

ఈ ఆటను 60 హెర్ట్జ్‌కి మార్చుకోవాలనీ, జపాన్, అమెరికాల్లో ఆడిన వేగమే అసలైనదనీ చాలామంది అంటారు. కన్సోల్‌లో చిన్న మార్పు చేస్తే అలా ఆడుకోవచ్చు కూడా. ఆట తయారైంది ఆ వేగానికే, కాదనను. పాల్ కన్సోల్‌లో ఈ మొదటి సోనిక్ దాదాపు 17 శాతం నెమ్మదిగా నడుస్తుంది, పాట కూడా సాగుతుంది. కానీ రాజోలులో మేం చూసింది ఆ నెమ్మది సోనిక్‌నే. ఫోన్‌లో 60 హెర్ట్జ్‌లో ఆడినప్పుడు ఎవరో తరుముతున్నట్టు అనిపించింది. నాకు కావాల్సిన బొమ్మ మా ఇంట్లో చూసిన బొమ్మ. కన్సోల్ జోలికి పోలేదు.

ఇంకొకటి మిగిలింది, ఆట మొదట్లో వచ్చే గ్రీన్ హిల్‌లోని జలపాతం. విడి రంగుల్లో బొమ్మ అద్దంలా వచ్చింది కానీ జలపాతం కాస్తా నిలువు చారల కర్టెన్ అయిపోయింది. పసుపు వైరులో ఆ చారలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి, వెనకున్నది లీలగా కనిపించే నీళ్లలా ఉండేది. గీసినవాళ్లు ఆ మసకను నమ్ముకునే గీశారు. సంక్రాంతికి కన్సోల్ ఊరు తీసుకెళ్లి పాత టీవీకి కలిపి, దగ్గర కూర్చుని చాలాసేపు చూశాను. గీతల మధ్య సన్నటి చీకటి, అంచుల్లో చిన్న మెత్తదనం.

తిరిగొచ్చాక గీతల మధ్య ఆ చీకటిని తెచ్చే స్కాన్‌లైన్లు తేలిగ్గా ఆన్ చేశాను, అంచుల్ని పదును చేసే పీకింగ్ ఆపేశాను. టీవీలో షార్ప్‌నెస్ సున్నాకి తెచ్చి గేమ్ మోడ్ పెట్టాను. వెడల్పు పాత టీవీల ఆకారమైన 4:3కి తగ్గించాను. చారలు పూర్తిగా పోలేదు, సోఫాలోంచి చూస్తే మాత్రం నీళ్లలాగే ఉన్నాయి. ఈ అన్నిటిలో ఏది ముందు చేయాలని ఎవరైనా అడిగితే, ఆలస్యం, వేగం, ఆకారం, ఆ వరసలోనే చెబుతాను. పదును చివర్న.

మొన్న తమ్ముడు ఇంటికొచ్చాడు. స్కేలర్ సంగతి చెప్పలేదు, ప్యాడ్ చేతికిచ్చానంతే. గ్రీన్ హిల్ పాట మొదలైంది. రెండో కొండ దాకా ఏమీ మాట్లాడలేదు. ముళ్ల దగ్గర చూడకుండానే ఎగిరాడు.

"అన్నయ్యా, ఫోన్లో పాట ఇలా ఉండదు. ఇది మనదే" అన్నాడు.