పది బై పదకొండు గదిలో ఇంటి జిమ్: ముందు టేపు, తర్వాత ఇనుము

రెండో బెడ్‌రూమ్ ఖాళీగా ఉంది, అందులో జిమ్ పెట్టుకుందాం అనుకున్నవాళ్లు ముందు టేపు పట్టుకోవాలి. గది పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, వార్డ్‌రోబ్ ఎంత లోతు తినేసింది అనేవి తేలితే ఏం కొనాలో సగం తేలిపోతుంది. ధర, బ్రాండు ఆ తర్వాతి మాట. మన అపార్ట్‌మెంట్లలో చిన్న బెడ్‌రూమ్ చాలావరకు పది బై పదకొండు అడుగులకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి ఇక్కడి లెక్కలన్నీ ఆ గదికే. వ్యాయామం కూడా బరువులతో చేసేదే: స్క్వాట్ (రాడ్డు భుజాన పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచి మీద పడుకుని ఛాతీ నుంచి రాడ్డు పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును నిలబడి ఎత్తడం), ఓవర్‌హెడ్ ప్రెస్ (భుజాల నుంచి తలపైకి ఎత్తడం), పుల్-అప్ (బారుకు వేలాడి ఒంటిని పైకి లాగడం). ఈ ఐదూ చక్కగా చేసుకోగలిగిన గది ఇరవై ఏళ్లు పనికొస్తుంది.

బరువు ప్లేట్లు ఎక్కించే పెద్ద రాడ్డును ఒలింపిక్ రాడ్డు అంటారు. దాని పొడవు 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల రెండున్నర అంగుళాలు. ప్లేట్లు ఎక్కించి దించడానికి రెండు చివర్లా ఒక్కోవైపు కనీసం అడుగున్నర కావాలి. మొత్తం పది అడుగులు దాటిపోతుంది. అందుకే రాడ్డు పదకొండు అడుగుల గోడ వెంటే ఉండాలి. పది అడుగుల వైపు పెడితే ప్లేటు లాగిన ప్రతిసారీ మోచెయ్యి గోడకు కొట్టుకుంటుంది, రాడ్డు కొస ప్లాస్టరింగ్‌ను గీకేస్తుంది. ఆ పదకొండు అడుగుల్లోంచి వార్డ్‌రోబ్ రెండడుగులు మింగేస్తే పెద్ద రాడ్డు ఆలోచన మానుకుని ఐదడుగుల రాడ్డు, డంబెల్స్‌తో సరిపెట్టుకోవడమే మంచిది. తలుపు లోపలికి తెరుచుకునే గదుల్లో, రాడ్డును ఆనించే స్టాండు దాని దారిలోకి రాకుండా చూడండి. మీరు బరువు భుజాన వేసుకున్నప్పుడే ఇంట్లో పిల్లలు తలుపు తోసుకుని వస్తారు.

ఎత్తు సంగతి చాలామందికి సామాను వచ్చాకే గుర్తొస్తుంది. చీపురు కర్ర తలపైకి పూర్తిగా ఎత్తి, మునివేళ్ల మీద నిలబడి, కర్ర ఎంత ఎత్తులో ఉందో ఇంకొకరితో కొలిపించండి. దానికి తొమ్మిది అంగుళాలు కలపండి. పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి అందులో సగం రాడ్డుకు పైన ఉంటుంది. కింద వేసే మ్యాటుకు ఇంకో అంగుళం. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషికి ఇది దాదాపు ఎనిమిది అడుగులకు వస్తుంది. ఫాల్స్ సీలింగ్ వేసిన గదిలో ఫ్యాను రెక్కలు తిరిగేది కూడా దాదాపు అక్కడే. సీలింగ్ ఫ్యాను తీసేసి గోడ ఫ్యాను పెట్టించడం ఈ పనిలో అతి తక్కువ ఖర్చు, అతి ముఖ్యమైన ఖర్చు. దీన్ని తర్వాతకు వాయిదా వేయకండి.

ఇక నేల. "స్లాబు ఇంత బరువు మోస్తుందా?" అన్నది అందరి భయం. నివాస గదుల స్లాబుకు మన భారతీయ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోల భారం లెక్కలోకి తీసుకుంటారు. పది బై పదకొండు గది సుమారు 10 చదరపు మీటర్లు. రాడ్డు, ప్లేట్లు, స్టాండు, బెంచి, మనిషి అన్నీ కలిపినా నాలుగైదు వందల కిలోలు దాటవు. సక్రమంగా కట్టిన ఆర్‌సీసీ ఇంట్లో నిలబడి ఉన్న బరువుతో సమస్య లేదు. సమస్యంతా దెబ్బతోనే. వంద కిలోలు మోకాలి ఎత్తు నుంచి జారితే ఆ దెబ్బ ఒక్క చోట పడుతుంది. టైలు పగులుతుంది, కింది ఫ్లోరువాళ్ల సీలింగ్ అదురుతుంది. బరువైన సామాను గది నడిమధ్యన కాకుండా బీములున్న గోడల పక్కన పెట్టండి. దూలాల మీద వేసిన పాత మిద్దె అయితే ఇంజనీరుకు చూపించకుండా పైన జిమ్ పెట్టొద్దు. బాల్కనీ జోలికి అసలే పోవద్దు. ఎక్కువ బాల్కనీలు గోడ బయటికి వేలాడే స్లాబులు, పైగా వాన జల్లుకు ఇనుమంతా తుప్పు పడుతుంది.

మ్యాట్లు పరిచే ముందు నాణెంతో ప్రతి టైలునూ తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన టైలు కింద సిమెంటు సరిగా నిండలేదని అర్థం. మొదట పగిలేది అదే. అక్కడ డెడ్‌లిఫ్ట్ చెయ్యొద్దు. ముక్కలు ముక్కలుగా అతుక్కునే మెత్తటి ఫోమ్ మ్యాట్లు పిల్లల ఆటలకు బాగుంటాయి కానీ బరువు కింద నొక్కుకుపోతాయి. స్క్వాట్‌లో పాదం ఒక పక్కకు ఒరిగి చీలమండ మెలిక పడుతుంది. కావాల్సింది గట్టి రబ్బరు, కనీసం 15 మిల్లీమీటర్ల మందం. జిమ్ మ్యాట్ అని అమ్మేవాటికి ధర ఎక్కువనిపిస్తే పాడి పశువుల షెడ్లలో వేసే కౌ మ్యాట్లు అడగండి. దాదాపు ఆరున్నర బై నాలుగు అడుగుల సైజులో దొరుకుతాయి. ఆవు బరువుకు తట్టుకునేలా చేసినవి మన బరువుకు తట్టుకుంటాయి. గాడులున్న వైపు కిందికి పెట్టాలి. ఈ గదికి మూడు చాలు. ఒక్కోటీ మోయడానికి ఇద్దరు కావాలి, మెట్ల మీద ఆ సంగతి మరిచిపోవద్దు. కొత్త రబ్బరు వాసన ఘాటుగా ఉంటుంది, సబ్బు నీళ్లతో రుద్ది డాబా మీద రెండు మూడు రోజులు గాలికి ఆరబెట్టి అప్పుడు గదిలోకి తేవాలి.

డెడ్‌లిఫ్ట్ చేసే చోట రబ్బరు కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా వేస్తే దెబ్బ ఒక్క టైలు మీద పడకుండా విస్తరిస్తుంది. కింది ఇంటికి వెళ్లే చప్పుడు దీంతో తగ్గుతుందే తప్ప పోదు. బరువును చేతులు వదలకుండా దించడమే దానికి మందు.

రాడ్డు ఎంపికలో ఎక్కువమంది మోసపోతారు. షాపుల్లో రెండు జాతులు ఉంటాయి. ఒకటి ఇంటి సెట్లతో వచ్చే మూడడుగులు, ఐదడుగుల మామూలు రాడ్డు. దాని ప్లేట్ల రంధ్రం ముప్పై మిల్లీమీటర్లకు అటూఇటూ. రెండోది ఒలింపిక్ రాడ్డు. పట్టుకునే చోట 28 మిల్లీమీటర్లు, ప్లేట్లు ఎక్కే చివర 50 మిల్లీమీటర్లు, బరువు 20 కిలోలు. మహిళల రాడ్డు 15 కిలోలు, పట్టు 25 మిల్లీమీటర్లు. ఒకదాని ప్లేట్లు ఇంకోదానికి సరిపోవు కాబట్టి మొదటి రోజే ఏ జాతో తేల్చుకుని దానికే కట్టుబడాలి. చోటుంటే ఒలింపిక్‌కే నా ఓటు. దాని కొసలు విడిగా తిరుగుతాయి కాబట్టి ప్లేట్ల విసురు మణికట్టు మీద పడదు.

మామూలు రాడ్డు గట్టిదా, లోపల డొల్ల పైపా అన్నది ఇల్లు కట్టించినవాళ్లకు తెలిసిన లెక్కతోనే పట్టుకోవచ్చు. స్టీలు కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 28 ఇంటూ 28 అంటే 784. దాన్ని 162తో భాగిస్తే 4.84. ఐదడుగులు 1.52 మీటర్లు కాబట్టి రాడ్డు దాదాపు 7.4 కిలోలు తూగాలి. 25 మిల్లీమీటర్లదైతే 5.9 కిలోలు. కాటా మీద అందులో సగమే చూపిస్తే అది పైపు. గట్టి కడ్డీ కన్నా త్వరగా వంగుతుంది. వంకర చూడటానికి నునుపైన నేల మీద దొర్లించండి. నడిమధ్య ఎగిరెగిరి పడితే ఆ రాడ్డు వద్దు.

ప్లేట్లలో అన్నిటికన్నా చవక, లోపల సిమెంటో ఇసుకో నింపిన ప్లాస్టిక్‌వి. పది కిలోల ప్లేటు అంత లావుగా ఉంటే రాడ్డు మీద చోటు త్వరగా అయిపోతుంది, కింద పడితే పగిలి ఇసుక కారుతుంది. పోత ఇనుము ప్లేట్లు జీవితకాలం వస్తాయి. రబ్బరు తొడుగు ఉన్నవి చప్పుడు తక్కువ. అపార్ట్‌మెంటుకు అవే నయం. ధరను ఎప్పుడూ కిలోకు ఎంత పడిందో లెక్కేసి పోల్చండి, రెండు ప్లేట్లనూ విడివిడిగా తూకం వేయించండి. ఒకే అంకె ఉన్న జత మధ్య అరకిలో తేడా ఉంటే వద్దనండి, రాడ్డు ఒక పక్కకు లాగుతుంది.

మొదట్లో ఎంత కొనాలి? 1.25, 2.5, 5 కిలోలవి ఒక్కో జత, 10 కిలోలవి రెండు జతలు. కలిపితే 57.5 కిలోలు, రాడ్డుతో 77.5. ఆర్నెల్లకో ఏడాదికో ఒక జత 20 కిలోలవి చేరిస్తే 117.5. చిన్న ప్లేట్లను తేలిగ్గా తీసిపారేయొద్దు. వారం వారం బరువు పెంచేది వాటితోనే. ఓవర్‌హెడ్ ప్రెస్‌లో ఒకేసారి ఐదు కిలోలు పెంచడం కొత్తవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, కుదరదు. అరకిలో ప్లేట్ల జత దొరికితే వదలొద్దు. ఇనుప పది కిలోల ప్లేటు 45 సెంటీమీటర్ల కన్నా చిన్నది కాబట్టి డెడ్‌లిఫ్ట్‌లో రాడ్డు మరీ కిందికి ఉండి నడుము గుండ్రంగా వంగుతుంది. ప్లేట్ల కింద చెక్క దిమ్మలో, మ్యాటు ముక్కలో పెట్టి రాడ్డు మధ్య భాగాన్ని నేల నుంచి 22 సెంటీమీటర్లకు లేపుకోవాలి.

స్టాండులో చూడాల్సింది పైపు సైజు, రేకు మందం, సేఫ్టీ చేతులు (రాడ్డు జారితే ఆపేలా స్తంభాలకు బిగించే కడ్డీలు). 50 బై 50 మిల్లీమీటర్ల పైపు, 2 మిల్లీమీటర్ల మందం ఇంటికి కనీస ప్రమాణం. 75 బై 75, 3 మిల్లీమీటర్లు అయితే నిశ్చింత. విడివిడి స్తంభాల స్టాండు ఒంటరిగా చేసేవాళ్లకు ప్రమాదం. స్క్వాట్‌లో ఇక లేవలేనప్పుడు బరువును అందుకునేది సేఫ్టీ చేతులే. అవి లేని స్టాండు ఎంత చవకగా వచ్చినా కొనొద్దు. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది: ఐదడుగుల రాడ్డు తెచ్చి పెద్ద స్టాండు మీద పెట్టబోతే అది రెండు స్తంభాల మీదా కూర్చోదు. ఒలింపిక్ రాడ్డుకు కాలర్ల (ప్లేట్లు లోపలికి జరగకుండా ఆపే అంచుల) మధ్య 131 సెంటీమీటర్లు ఉంటుంది. స్టాండు బయటి వెడల్పు దానికన్నా కనీసం పది సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. ఐదడుగుల రాడ్డుకు ఈ దూరం చాలా తక్కువ. టేపుతో కొలిచే కొనండి.

బెంచ్ ప్రెస్‌కు సేఫ్టీ ఎత్తు ఇలా పెట్టుకోవాలి. ఛాతీ ఎత్తి పడుకున్నప్పుడు రాడ్డు ఛాతీని తాకాలి, సేఫ్టీని తాకకూడదు. ఛాతీ దించి వీపు ఆనించగానే రాడ్డు సేఫ్టీ మీద ఆగాలి, మెడ దాకా రాకూడదు. ఖాళీ రాడ్డుతో పడుకుని ఒకసారి సరిచూసి, సేఫ్టీ బిగించిన స్టాండు రంధ్రానికి పెయింటుతో గుర్తు పెట్టుకోండి. బెంచి పై అంచు నేల నుంచి 42 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య, వెడల్పు 29 నుంచి 32 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. పవర్‌లిఫ్టింగ్ పోటీల కొలతలు ఇవే. పొట్టివాళ్లకు కాళ్లు పూర్తిగా ఆనకపోతే పాదాల కింద పలుచటి ప్లేటు పెట్టుకుంటే సరి. స్పాంజిని బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు చెక్క తగిలితే ఆ బెంచి వద్దు.

పుల్-అప్ బారు గోడకు బిగించాలంటే గోడ దేనితో కట్టారో తెలుసుకోండి. కొత్త అపార్ట్‌మెంట్లలో తెల్లటి తేలిక ఇటుకలు ఎక్కువ, వాటిలో మామూలు యాంకర్ బోల్టులు పట్టు ఇవ్వవు. కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు కనిపించి ఒకరోజు మనిషితో సహా ఊడొస్తాయి. ఆర్‌సీసీ బీములోకే దించాలి: కనీసం నాలుగు బోల్టులు, 10 లేదా 12 మిల్లీమీటర్లవి, ప్లాస్టరింగ్ మందాన్ని లెక్కలోకి తీసుకోకుండా కాంక్రీటులోకి దిగిన లోతే లోతు. రంధ్రంలో పొడి ఊది శుభ్రం చేయకపోతే బోల్టు సరిగా విచ్చుకోదు. అద్దె ఇల్లయితే ఈ రభస వద్దు, స్టాండు పైనుండే బారే చాలు.

ట్రెడ్‌మిల్‌ను నేను చివర్లో పెడతాను, ఎందుకంటే నడకకు వీధి ఉంది, బరువుకు వీధి లేదు. అయినా కావాలంటే మోటారు కాసేపు మాత్రమే ఇవ్వగల పీక్ హార్స్‌పవర్ అంకె చూడొద్దు, ఆగకుండా ఇవ్వగల కంటిన్యువస్ అంకె అడగండి. పరుగెత్తాలంటే బెల్టు వెడల్పు 45 సెంటీమీటర్లకు పైన, పొడవు 130కి పైన ఉండాలి. రెండు హార్స్‌పవర్ అంటే దాదాపు 1500 వాట్లు, ఆరున్నర ఆంపియర్లు. చిన్న ఆరు ఆంపియర్ల సాకెట్‌లో పెడితే ప్లగ్గు వేడెక్కి కాలుతుంది. గీజరుకు వేసినట్టు 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ కావాలి. వెనక ఆరడుగులు ఖాళీ వదలాలి. గోడకు వెన్ను ఆనించి పెడితే జారినవాళ్లు బెల్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుంటారు. బెల్టు ఎడమకు పోతుంటే వెనక ఎడమ బోల్టును కుడివైపుకు పావు చుట్టు తిప్పి, రెండు నిమిషాలు నడిపి చూడాలి. బెల్టు కింద సిలికాన్ ఆయిలే వాడాలి, కొబ్బరి నూనె జిడ్డుకట్టి మోటారు మీద భారం పెంచుతుంది. పిల్లలున్న ఇంట్లో పని కాగానే సేఫ్టీ తాళం తీసి పైన పెట్టండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలికి రాడ్డు గరుకు పట్టు మొదట తుప్పు పడుతుంది, చెమట తోడైతే ఇంకా తొందరగా. వ్యాయామం కాగానే పొడిబట్టతో తుడిచి, పదిహేను రోజులకోసారి నైలాన్ బ్రష్‌తో గాడుల్లోని మురికి తీసి, కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు బట్ట మీద వేసి రుద్దాలి. నూనె మిగిలితే పట్టు జారుతుంది కాబట్టి పొడిబట్టతో మళ్లీ తుడవాలి. కొత్త స్టాండు బోల్టులు మొదటి నెలలో వదులవుతాయి. వారానికోసారి స్పానర్ పెట్టి చూడండి, ఆ తర్వాత మూడు నెలలకోసారి చాలు. స్టాండు నాలుగు కాళ్లూ సమంగా ఉన్నాయో లేదో అప్పుడే రసమట్టంతో సరిచూసి, తక్కువైన కాలు కింద రబ్బరు ముక్క పెట్టేయండి.