పేటియా కట్టుకున్నందుకు

లంబాడి స్త్రీలు వేసుకునే పేటియా అనే లంగా, కాంచళి అనే రవిక ధరించి నేను దిగిన ఫోటో ఒకటి ఈ వేసవిలో హనుమకొండలోని నా బంధువుల నుండి నా విద్యార్థుల దాకా చాలామంది ఫోన్లలోకి వెళ్లింది. లంబాడిగా పుట్టని నేను ఆ బట్టలు ఎందుకు వేసుకున్నానని ఇంట్లో అడిగారు, కళాశాలలో అడిగారు, ఒక సభలో నా పేరు ఎత్తకుండానే నా గురించి మాట్లాడారు. ఎవరు ఏ కారణంతో అడుగుతున్నారో తెలుసుకున్న తర్వాతే మాట్లాడాలనుకుని కొంతకాలం ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఫోటో మహబూబాబాద్ జిల్లా గూడూరు వైపు ఒక తండాలో జరిగిన పెళ్లిలోనిది. పెళ్లికూతురి తల్లి నాతో పాటు చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్న సహోద్యోగి. ఆమె నన్ను చెల్లె అని పిలుస్తుంది, నేను అక్కా అంటాను. ఆమె తల్లిని తండాలో అందరూ యాడి, అంటే అమ్మ, అంటారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. పెళ్లికి ముందు రోజు యాడి తన ఇనుప పెట్టె తెరిచి, వయసులో ఉన్నప్పుడు తానే కుట్టుకున్న ఎర్ర పేటియాను బయటికి తీసి, "నా బిడ్డ చీరలకు అలవాటు పడ్డది, మనుమరాలు లెహంగా కొనుక్కున్నది, నువ్వన్నా కట్టుకో బిడ్డా" అన్నది. ఆ మాటకు కాదనడం నాకు చేతకాలేదు, కాదనాలని అనిపించలేదు కూడా.

ఈ బట్టలను దూరం నుండి మాత్రమే చూసినవారికి వాటిలో ఎంత పని ఉందో తెలియదు. పేటియా నడుము పట్టీ నిండా, అంచుల నిండా రంగుదారాల కుట్టు ఉంటుంది. కాంచళికి ముందువైపు అద్దాలు, గవ్వలు పొదుగుతారు, వెనుకవైపు వీపును వదిలి దారాలతో ముడి వేస్తారు. తల మీద కప్పే టుక్రీకి నుదుటి దగ్గర అద్దాల పట్టీ వస్తుంది. పొలం పని లేని వేళల్లో కూర్చుని కుడితే ఒక జత పూర్తి కావడానికి నెలలు పడుతుంది. వీటికి తోడు బలియాలని పిలిచే తెల్లని గాజులు, ఒకప్పుడు దంతంతోనో ఎముకతోనో చేసినవి, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌వి, మోచేతికి కింద కొన్ని, పైన కొన్ని ఉంటాయి. చెంపల పక్కన జుట్టుకు ఘుగ్రీలనే నగలు వేలాడుతాయి. యాడి నాకు పేటియా కట్టింది, కాంచళి తొడిగింది, టుక్రీ కప్పింది. ఘుగ్రీలు మాత్రం పెట్టలేదు, మోచేతి పై గాజులు తొడగలేదు. అవి పెళ్లయిన లంబాడి స్త్రీకి గుర్తులు; భర్త పోతే తీసివేస్తారు. "ఇవి తండా పెట్టేటివి, నేను పెట్టేటివి కావు" అని ఆమె వాటిని తిరిగి పెట్టెలోనే ఉంచింది. ఫోటో చూసిన లంబాడి స్త్రీలు ఈ తేడాను వెంటనే గమనించారని అక్క నాకు తర్వాత చెప్పింది. మిగతావారికి నేను నిండు అలంకారంలో ఉన్నట్టే కనబడింది.

మొదటి అభ్యంతరం మా మేనత్త నుండి వచ్చింది. "గా లంబాడోళ్ల బట్టలు మనకెందుకు బిడ్డా, నలుగురు చూస్తే ఏమనుకుంటరు" అన్నది. మా మేనత్త మీద నాకు ఎంతో ప్రేమ ఉంది, అయినా ఆ మాటలో ఉన్నది తక్కువ చూపు తప్ప మరొకటి కాదని ఆమెకే చెప్పాను. ఇదే ఇంట్లో పిల్లలు పంజాబీ డ్రెస్ వేసుకుంటే, పెళ్లికొడుకు షేర్వానీ తొడుక్కుంటే ఎవరూ నోరు మెదపలేదు. పక్క తండా బట్ట ఒంటి మీదికి వచ్చినప్పుడే నలుగురు గుర్తుకొచ్చారు. ఈ రకం విమర్శకు నేను ఇంతకన్నా ఎక్కువ చోటు ఇవ్వదలచుకోలేదు.

నన్ను నిలబెట్టిన ప్రశ్న డిగ్రీ చివరి సంవత్సరం చదివే ఒక లంబాడి విద్యార్థినిది. తరగతి ముగిశాక నా దగ్గరికి వచ్చి, ఎంతో మర్యాదగా, "మేడం, మా అమ్మమ్మ ఈ బట్టలతో బస్సెక్కితే పక్క సీట్లో ఉన్నోళ్లు లేచి నిలబడేటోళ్లు. దవాఖానకు పోతే ఆఖరికి పిలిచేటోళ్లు. మీరు కట్టుకుంటే అందరు బాగున్నదంటున్నరు. ఆమెకు ఆ మాట ఎవ్వరు ఎందుకు అనలేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయికి తెలియనిదీ నాకు తెలిసినదీ ఏమీ లేదు. ఇద్దరమూ ఆ బస్సుల్లోనే తిరిగాము.

ఆమె ప్రశ్న వెనుక పెద్ద చరిత్ర ఉంది, దానిని పక్కన పెట్టి బట్టల గురించి మాట్లాడడం సాధ్యం కాదు. ఎడ్ల మందల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దేశమంతా తిరిగిన బంజారాలు, అంటే ఈ లంబాడీలే, మొగలుల సైన్యాలకు సరుకు చేరవేస్తూ దక్కనుకు వచ్చినవారు, రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ జీవనాధారాన్ని పోగొట్టుకున్నారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద అనేక సంచార సమూహాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టినప్పుడు, కొన్ని ప్రాంతాల్లో బంజారాలనూ ఆ జాబితాలో చేర్చారు. ఆ చట్టం 1952లో రద్దయింది, కానీ ఆ చూపు రద్దు కాలేదు. అద్దాల రవిక, బరువైన గాజులు దూరం నుండే మనిషిని పట్టించేవి. 2011 జనగణన ప్రకారం నేటి తెలంగాణలో లంబాడీలు 20 లక్షలకు పైగా ఉన్నారు. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు మించి గిరిజనులే. ఇంతమంది ఉన్నచోట కూడా పాతికేళ్ల ఆడపిల్ల పేటియాతో కళాశాలకు రావడం నేను ఎన్నడూ చూడలేదు. నర్సంపేట, మహబూబాబాద్ అంగళ్లలో వృద్ధ స్త్రీలు మాత్రమే వాటితో కనిపిస్తారు. నాట్ల బురదలో ఆ బరువు మోయలేకపోవడం, కుట్టే తీరిక, దారం, అద్దాల ఖర్చు, ఆశ్రమ పాఠశాలల యూనిఫాం, ఇవన్నీ కారణాలే. కానీ వాటన్నింటికన్నా ముందు యాడి నాతో చెప్పిన కారణం నవ్వులు. హేళన భరించలేక వదిలేసిన బట్టను, హేళన చేసిన వర్గానికి చెందిన స్త్రీ పండుగకు కట్టుకుంటే, చూసేవారి మనసు నొచ్చుకోవడంలో అసహజం ఏమీ లేదు.

సభలో మాట్లాడిన పెద్దాయన మరింత ముందుకు వెళ్లి, భూములు పోయాయి, ఇప్పుడు బట్టలు కూడా తీసుకుంటున్నారు అన్నారు. గూడూరు, కొత్తగూడ వంటి ఏజెన్సీ మండలాల గురించి తెలిసినవారికి ఈ మాట అతిశయోక్తిగా వినిపించదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో తెచ్చిన, మనమంతా 1/70 అని పిలుచుకునే నిబంధన ఉన్నా చేతులు మారిన భూమి ఎంతో ఉంది. అయినా భూమినీ పేటియానూ ఒకే లెక్కలో వేయడాన్ని నేను ఒప్పుకోలేదు. భూమి నా పేరు మీదికి వస్తే యాడి చేతిలో ఉండదు; పేటియా పెళ్లి మరునాడే ఆమె పెట్టెలోకి తిరిగి చేరింది. ఆయన కోపానికి ఉన్న మూలాన్ని గౌరవిస్తాను, దానిని నా మీద నిలిపిన తీరును అంగీకరించను.

ఇటువంటి వివాదం మన దగ్గరే పుట్టిందేమీ కాదు. 2015 వేసవిలో అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియం, క్లోడ్ మోనే 1876లో గీసిన చిత్రం ముందు సందర్శకులు కిమోనో తొడుక్కుని ఫోటో దిగే ఏర్పాటు చేసింది. ఆ చిత్రంలో మోనే భార్య కమీల్, బంగారు రంగు విగ్గు పెట్టుకుని, ఎర్రని కిమోనోలో నిలబడి ఉంటుంది. ఆసియా మూలాలున్న అమెరికా యువత అక్కడే అట్టలు పట్టుకుని నిరసన తెలిపింది. మ్యూజియం వెనక్కి తగ్గి, కిమోనోను తాకి చూడవచ్చు, తొడుక్కోవడం మాత్రం కుదరదని మార్చింది. ఆ తర్వాత జపాన్ స్త్రీలు కొందరు కిమోనోలు కట్టుకుని వచ్చి, తొడుక్కోనివ్వండి అని ఎదురు నిరసన చేశారు. అవే నమూనా కిమోనోలను అంతకుముందు జపాన్‌లో జనం సంతోషంగా తొడిగి చూశారు. నేను దీని గురించి చదివినప్పుడు మొదట జపాన్ వారికి లేని బాధ వీరికెందుకు అనుకున్నాను. నెమ్మదిగా ఆలోచిస్తే అందులోనే విషయం ఉందని తోచింది. జపాన్‌లో కిమోనో కట్టుకున్నందుకు ఎవరినీ ఎవరూ వెలివేయలేదు. అమెరికాలో మాత్రం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని శిబిరాల్లో నిర్బంధించారు. అనుమానం రాకుండా ఉండాలని ఇంట్లోని జపాన్ వస్తువులను తామే కాల్చివేసుకున్న కుటుంబాలు ఉన్నాయి. బట్ట ఒకటే, దానితో పడిన బాధ వేరు. యాడి నాకు ఆనందంగా కట్టడం, ఆమె మనుమరాలి ఈడు విద్యార్థిని దానిని చూసి నొచ్చుకోవడం, రెండూ నిజమే కావడం ఇందువల్లనే అని నా నమ్మకం.

అయితే నేను దేనికి కట్టుబడి ఉన్నాను? ఎవరి సంప్రదాయ వస్త్రం వారు మాత్రమే ధరించాలన్న వాదనను నేను అంగీకరించను. ఆ లెక్కన యాడి ఇవ్వడానికి కూడా వీలు లేదు, ఇచ్చే హక్కు ఆమెకు లేదని చెప్పవలసి వస్తుంది. ఆమె కుట్టిన దాని మీద ఆమెకన్నా సభలో మాట్లాడినవారికి ఎక్కువ అధికారం ఎలా వస్తుంది? అదే సమయంలో, నచ్చింది కాబట్టి కట్టుకుంటాను అనేవారితోనూ నేను లేను. పెళ్లి ముగిసి హనుమకొండ బస్సెక్కేసరికి నేను చీరలో ఉన్నాను, ఎవరూ నా పక్క నుండి లేవలేదు. ఆ బట్ట మోసే బరువులో నేను పంచుకున్నది అంగుళమంత. కాబట్టి ఇచ్చేవారు ఉన్నప్పుడు, వారి ఇంట్లో, వారి శుభకార్యంలో, వారు పెట్టినంతే ధరించడం ఒక సంగతి; అద్దెకు తెచ్చుకుని, వేదిక ఎక్కి, బహుమతి కోసం తిప్పి చూపడం మరొక సంగతి. మొదటిదానికి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పను. రెండవది చేయను, ఎవరు చేసినా నాకు కష్టంగా ఉంటుంది.

కొన్నింటిని ఇచ్చినా తీసుకోకూడదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గోండు గూడేల్లో దీపావళి వేళ దండారీ పండుగకు గుస్సాడీలనే నృత్యకారులు ధరించే నెమలి ఈకల టోపీ అటువంటిది. ఆ టోపీకి ముందుగా పూజ జరుగుతుంది. వేషం కట్టినవారు కోలబోడితో పండుగ ముగిసే వరకు స్నానం చేయరు, నియమాలు పాటిస్తారు, గ్రామం వారిని దేవుడు ఆవహించినవారిగా చూస్తుంది. మార్లవాయికి చెందిన కనకరాజు ఆ నృత్యానికి జీవితమంతా ఇచ్చి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ టోపీని సభావేదికల మీద అతిథుల తలకు పెట్టి ఫోటోలు దిగడం చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది, పెట్టేవారు గోండు పెద్దలే అయినా సరే. యాడి ఘుగ్రీలను పెట్టెలో ఉంచేసిన కారణం తెలిసినవారికి నా బాధ అర్థమవుతుంది. పేటియా రోజూ పొలానికి కట్టుకుపోయిన బట్ట. ఘుగ్రీ, గుస్సాడీ టోపీ మాట అది కాదు.

మా కళాశాలలో ఏటా జరిగే ట్రెడిషనల్ డేకు లంబాడి డ్రెస్సులను నగరంలోని నాటకాల దుస్తులు అద్దెకిచ్చే దుకాణం నుండి తెస్తారు. యంత్రం మీద కుట్టినవి, అద్దాల బదులు తళుకు బిళ్లలు అంటించినవి, పెళ్లికాని పిల్లల చెంపలకు ఘుగ్రీలతో సహా. లంబాడి విద్యార్థినులు ఆ రోజు చీరల్లోనో చుడీదార్లలోనో ప్రేక్షకుల మధ్య కూర్చుంటారు. ఈ ఏడు అద్దె దుస్తులు మానేయాలని, పేటియా వేదిక మీదికి రావాలంటే దానిని కుట్టగలిగిన తండా స్త్రీలను పిలిచి, వారికి తగిన పారితోషికం ఇచ్చి, వారి మాటల్లో దాని గురించి చెప్పించాలని, ఏ ముక్క ఎవరికి కట్టాలన్నది వారికే వదిలేయాలని నేను సాంస్కృతిక కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చాను. ఖర్చు ఎక్కువవుతుందని ఒకరన్నారు. అంత వివాదం ఎందుకు, ఆ అంశమే తీసేద్దాం అని మరొకరన్నారు. తీసేయడం అన్నింటికన్నా చెడ్డ పరిష్కారమని నేను గట్టిగా చెప్పాను, ఎందుకంటే బస్సులోనూ కనబడకుండా, వేదిక మీదా కనబడకుండా పోతే ఆ కుట్టు నేర్పేవారు లేకుండానే పోతారు.

ఆ కాగితాన్ని ఇచ్చే ముందు నన్ను ప్రశ్నించిన విద్యార్థినికి చూపించాను. పారితోషికం, తండా స్త్రీలను పిలవడం మంచిదే అన్నది. కానీ లంబాడి కానివాళ్లు ఎవరూ దానిని కట్టుకోకూడదన్న తన మాటకే నిలబడింది: తన ఈడు ఆడపిల్ల ఎవరి నవ్వూ లేకుండా పేటియాతో తరగతికి రాగలిగిన రోజున తాను ఈ సంగతి మళ్లీ ఆలోచిస్తానని, అంతవరకు నాతో కలవనని చెప్పింది. నేను నా పక్షం మార్చుకోలేదు, ఆమెను మార్చుకొమ్మని అడగలేదు. ఆమె అభిప్రాయాన్ని ఆమె మాటల్లోనే రాయించి, నా కాగితానికి జతచేసి కమిటీకి ఇచ్చాను. నిర్ణయం ఇంకా రావలసి ఉంది.