మా పాపకు సర్ఫాక్టెంట్ ఇచ్చిన రోజు

బీపీ పెరిగిపోయి మా ఆవిడను ఆళ్లగడ్డ నుంచి కర్నూలుకు తెచ్చేసరికి 31వ వారం. రాగానే డెక్సామెథాసోన్ సూదులు మొదలుపెట్టారు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు. తల్లికి వేసినా అవి బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ముదరడానికట. నాలుగోది పడకముందే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

పాప పుట్టగానే మూలగడం మొదలైంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంట పడుతోంది. సీప్యాప్ (ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే పరికరం) పెట్టినా ఆక్సిజన్ పెంచుతూనే ఉన్నారు. అప్పుడు డాక్టర్ పిలిచి చెప్పారు. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులకు లోపల ఎప్పుడూ తడి ఉంటుంది. తడిసిన ప్లాస్టిక్ కవరు అతుక్కున్నట్టు, ఊపిరి వదలగానే అవి మూసుకుపోతాయి. అలా కాకుండా కాపాడేది సర్ఫాక్టెంట్ పొర, చాలావరకు కొవ్వే. 34, 35 వారాలకు గానీ బిడ్డలో అది సరిపడా తయారుకాదు.

"ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన మందు, మీకు అభ్యంతరం లేదు కదా?" అన్నారు. నేను అత్తమ్మ వైపు చూశాను. "బిడ్డకు ఊపిరాడితే సాలు నాయనా, ఎయ్యమను" అంది. సంతకం పెట్టేశాను.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను సిస్టర్ అరచేతిలో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచింది, ఊపలేదు. పాలలాంటి మందు. కిలోకు 4 మి.లీ. లెక్కన గొంతులోకి వేసిన గొట్టం గుండా ఎక్కించారు. "ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోస్తారా!" అని అత్తమ్మ ఒకటే టెన్షన్. సాయంత్రానికి ఆక్సిజన్ సగానికి తగ్గించారు.

తర్వాత చదివితే తెలిసింది. ఈ జబ్బుకు కారణం సర్ఫాక్టెంట్ లేకపోవడమేనని మేరీ ఎలెన్ ఏవరీ, జెర్ మీడ్ 1959లో చూపించారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు దీనితోనే పోయాడు, మా పాపకంటే మూడు వారాలు ముదురు బిడ్డ. జపాన్ డాక్టర్ ఫుజివారా 1980లో గానీ పిల్లలకు ఈ మందు ఇచ్చి ఫలితం చూపించలేదు.

న్యుమోనియా ముదిరిన పెద్దవాళ్లలోనూ ఈ పొర దెబ్బతింటుందట. మరి వాళ్లకూ పోయొచ్చు కదా అంటే, అక్కడ తిత్తుల గోడలే వాచి ఊట కారుతుంటాయి, పోసింది నిలవదన్నారు డాక్టర్.

మందు పని ఒక్క పూటది. నిజంగా ఓపిక పరీక్షించింది సీప్యాపే. దాని గొట్టం చివర నీళ్ల సీసాలో బుడగలు ఆగితే చాలు, సిస్టర్ పరుగెత్తుకొచ్చి గొట్టం సర్దేది. డిశ్చార్జిలో నెల నిండేలోపు కళ్ల పరీక్ష చేయించమని రాశారు. నెలలు నిండని పిల్లలకు రెటీనా దెబ్బతినే ప్రమాదం ఉందట. ఆ చీటీని టీకాల కార్డుకే పిన్ను కొట్టించుకున్నాను.