నాలుగు శ్రుతిలో మళ్లీ

థైరాయిడ్ ఆపరేషన్ అయిన మర్నాడు మంచినీళ్లు తాగబోతే మొదటి గుక్కకే పొలమారింది. దగ్గుదామన్నా దగ్గు రాలేదు, ఉత్త గాలి వచ్చింది. "అమ్మా" అని పిలిచాను. మంచం పక్కనే కూర్చున్న అమ్మ తల తిప్పలేదు.

అది 2019 ఆగస్టు. అప్పటికి ఎనిమిదేళ్లుగా నా పాటలు నేనే రాసుకుని, నేనే బాణీ కట్టుకుని, గిటార్ వాయిస్తూ చిన్న చిన్న సభల్లో పాడుతున్నాను. ఐదున్నర శ్రుతిలో, అంటే బాగా ఎత్తులో, పైదైన తారస్థాయి పంచమం దాకా అవలీలగా వెళ్లే గొంతు నాది.

ముక్కులోంచి సన్నని గొట్టం పంపి డాక్టరుగారు తెర మీద చూపించారు. గొంతులో నాదం పుట్టించే రెండు స్వరతంత్రుల్లో కుడిది కదులుతోంది, ఎడమది గోడకు చేరగిలబడ్డట్టు ఉండిపోయింది. దాన్ని కదిలించే నరం థైరాయిడ్ గ్రంథి వెనకనుంచే పోతుంది. ఎడమవైపు నరం తిన్నగా గొంతుకు రాదట. మెడలోంచి ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని కింద మలుపు తిరిగి మళ్లీ పైకి ఎక్కుతుందట. గుండె దగ్గరికి వెళ్లి వస్తే తప్ప నాకు మాట పుట్టదన్నమాట. ఆ బొమ్మ చూస్తూ ఏడ్చేశాను.

"నరం తెగకుండా సాగి మాత్రమే ఉంటే కోలుకుంటుందమ్మా. ఏడాది చూద్దాం" అన్నారు. చూశాం. ఎడమది కదల్లేదు.

ఆ ఏడాదంతా వంటింట్లోంచి మా పాపను పిలవాలంటే గరిటెతో గిన్నె మీద కొట్టేదాన్ని. ఫోను చేస్తే వినపడటం లేదంటూ పెట్టేసేవారు. గిటార్ బీరువా మీదికి ఎక్కింది.

స్పీచ్ థెరపీకి వెళ్లిన మొదటి రోజు ఒక్క ఊపిరిలో 'ఆ' అనమన్నారు. నాలుగు సెకన్లు నిలిచింది. మామూలు గొంతుకు పదిహేను దాకా రావాలి. సగం నీళ్లున్న గ్లాసులో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా 'ఊ' అని రాగం తీయమన్నారు. రోజుకు ఐదుసార్లు. బుడగలు ఒకే తీరుగా రావాలి, తడబడ్డాయంటే ఊపిరి జారిపోతోందని గుర్తు. పాప కూడా తన గ్లాసు తెచ్చుకుని నా పక్కన కూర్చునేది. ఎప్పుడూ దాని బుడగలే ఎక్కువసేపు వచ్చేవి. ఎనిమిది నెలల తర్వాత ఒక సాయంత్రం అది ఆపి నావైపు చూసింది. నా గ్లాసులో ఇంకా వస్తున్నాయి. కుడి తంత్రి మధ్యగీత దాటి వెళ్లి ఎడమదాన్ని తాకుతోందని తర్వాతి పరీక్షలో తేలింది.

మాట వచ్చింది కానీ పాత పాటలు రాలేదు. పై స్థాయి మొదలయ్యే తార షడ్జం దగ్గరే గొంతు చీలిపోయేది. చిన్నప్పుడు నేర్పిన గురువుగారి దగ్గరికి వెళితే, "శ్రుతి దించు తల్లీ. సరళీ స్వరాలతో మొదలుపెడదాం" అన్నారు. అవి సంగీతంలో పిల్లలకు నేర్పే మొదటి పాఠాలు. అభిమానం దెబ్బతిని నెల రోజులు మళ్లీ వెళ్లలేదు. చివరికి నాలుగు శ్రుతిలో, ఆ పాఠాలు పాడే మాయామాళవగౌళ రాగం పట్టుకున్నాను. కింది స్థాయి అయిన మంద్రంలో ఒక బరువైన నాదం పలికింది. మునుపు నాకు లేనిది, నాకు నచ్చింది.

ఇక ఈ గొంతుకు తగ్గ పాటలు కావాలి. హకారాలు, శకారాలు ఊపిరిని తినేస్తాయి. మ, న, ల ఉన్న మాటలు నాదాన్ని నిలబెడతాయి. అందుకే 'హృదయం' కొట్టేసి 'మది' అని రాశాను. పాదాలు పొట్టివి చేశాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే చూసుకుని అక్కడ వాక్యం ముగించాను. రాయడంలో ఇంత శ్రద్ధ నాకు ఇదివరకు లేదు.

2023 నవంబరులో బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక‌లో, ఆరుబయట, నాలుగేళ్ల తర్వాత మొదటిసారి జనం ముందు కూర్చున్నాను. మొదటి చరణం అయ్యేసరికి గొంతు ఎండిపోయింది. గిటార్ తీగల మీద చెయ్యి ఆనించాను. ముందు వరుసలోంచి పాప లేచి వచ్చి గ్లాసు అందించింది. నేను గడ్డం ఛాతీకి ఆనించి మింగాలి, లేకపోతే పొలమారుతుంది. అలాగే తల వంచి ఒక గుక్క మింగి, రెండో చరణం అందుకున్నాను.