సెల్లార్ గుంత పక్కన చలిజ్వరం

వణుకు మధ్యాహ్నం పూట మొదలయ్యేది. పళ్లు టకటకా కొట్టుకునేవి, అమ్మ ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగేది కాదు. గంట గడిచేసరికి ఒళ్లు పెనంలా కాలేది. తర్వాత పక్క తడిసిపోయేంత చెమట. మర్నాడు లేచి వంట చేసుకునేదాన్ని, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. ఎల్లుండి అదే వేళకు మళ్లీ వణుకు.

హైదరాబాద్‌లో వానాకాలం జ్వరమంటే అందరికీ డెంగీయే గుర్తొస్తుంది. నా ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి మొదట చూపించుకున్న చోట అదే అన్నారు. పరీక్షలో డెంగీ లేదని తేలినా సెలైన్లు ఎక్కించారు. ప్లేట్‌లెట్లు మలేరియాలోనూ పడిపోతాయి. చివరికి గాజు పలక మీద రక్తపు చుక్క చూసిన ల్యాబ్ అతను మలేరియాలో ఒక రకమైన వైవాక్స్ అని తేల్చాడు. క్లోరోక్విన్ ఇచ్చారు, జ్వరం పోయింది. అంతటితో పంపేశారు.

కొన్ని నెలలకు మళ్లీ వచ్చింది. వైవాక్స్ పరాన్నజీవి రక్తంలో చచ్చినా కాలేయంలో కొంత నిద్రపోతూ ఉంటుందని, దానికి ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలని బస్తీ దవాఖానా డాక్టరమ్మ చెబితేనే తెలిసింది. ముందు జీ6పీడీ పరీక్ష చేయించింది. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఈ మందుతో రక్తకణాలు పగిలిపోతాయట. "ఖాళీ కడుపుతో వెయ్యకమ్మా, మూత్రం నల్లగా వస్తే వెంటనే రా" అంది. ఆ మాటలు మొదటిసారే ఎవరైనా చెప్పి ఉంటే రెండోసారి అంత నరకం ఉండేది కాదు.

మేం నార్సింగి వైపు వచ్చిన కొత్తలో కిటికీలోంచి బండలు, సీతాఫలం చెట్లు, ఒక కుంట కనబడేవి. కుంటలో చేపలుండేవి, మీద తూనీగలు తిరిగేవి. తూనీగ పిల్లలు నీళ్లలో పెరిగేటప్పుడు దోమల లార్వాలను తింటాయి. తర్వాత బండలు పేల్చారు, కుంట పూడ్చారు, టవర్ల కోసం లోతుగా సెల్లార్ తవ్వి పని ఆపేశారు. అడుగున గట్టి రాయి, నీళ్లు ఇంకవు. వానకు నిండిన ఆ గుంతలో చేప లేదు, తూనీగ లేదు. పక్క సైట్లో కాంక్రీటు గట్టిపడేందుకు (క్యూరింగ్) స్లాబుల మీద మడులు కట్టి నీళ్లు నిలిపారు. పట్నంలో మలేరియా మోసే అనాఫిలిస్ స్టిఫెన్సై దోమకు ఇలాంటి తేట నీళ్లు, మూతలేని ట్యాంకులే కావాలి.

ఫిర్యాదు చేస్తే దోమల నివారణ చూసే ఎంటమాలజీ సిబ్బంది వచ్చారు. ఒకాయన గరిటెతో గుంతలో నీళ్లు ముంచి నా ముందు పెట్టాడు. సన్నటి లార్వాలు నీటిమట్టానికి సమంగా, అడ్డంగా తేలుతున్నాయి. "పడుకున్నట్టున్నయి చూడండి మేడం, ఇవి మలేరియావి. డెంగీవి తలకిందులుగా వేలాడతయి" అన్నాడు. బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది 1897 ఆగస్టులో, మన సికింద్రాబాద్‌లోనే. ఇన్నేళ్ల తర్వాత అదే నగరంలో మనమే ఆ దోమకు కొత్త నీళ్లు తవ్వి ఇస్తున్నామంటే నాకు కోపం ఆగలేదు.

ఆ గుంత అంచునే రేకుల షెడ్లలో ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన పనివాళ్లు పిల్లాపాపలతో ఉంటారు. కిటికీలకు జాలీలు లేవు, దోమతెరలు లేవు. ఈ దోమ కుట్టేది ఎక్కువగా రాత్రి. వాళ్లే రోగం తెచ్చారని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కొందరు రాస్తే నాకు చాలా బాధేసింది. గుంత తవ్వింది వాళ్ల కోసం కాదు. జ్వరమొస్తే కూలి పోగొట్టుకునేదీ వాళ్లే.

ప్రైమాక్విన్ పూర్తయ్యాక నీరసం వదలడానికి చాలా రోజులు పట్టింది. మెట్లెక్కితే ఆయాసం, హిమోగ్లోబిన్ తక్కువ. ఇప్పుడు తగ్గింది, రక్తంలోనూ ఏమీ లేదు. మా అసోసియేషన్ పట్టుబట్టాక సెల్లార్ నీళ్లు పంపుతో తోడేస్తున్నారు, స్లాబు మడులను వారానికోసారి ఎండబెడుతున్నారు. ఎండాకాలం వేడిలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, కాబట్టి ఒక్క వారం కూడా తప్పడానికి లేదు. షెడ్లకు దోమతెరలు, అందరికీ రక్తపరీక్షలు ఇంకా అడుగుతూనే ఉన్నాం.